క్లారినెట్టు చోటు

ఈ సంగతి నాకు మొదట చెప్పింది సైడు డ్రమ్ము వెంకయ్య. వేటపాలెం రైలు గేటు పక్కన టీకొట్టు బల్ల మీద కూర్చుని, గ్లాసులో టీ మీగడ కట్టేదాకా తాగకుండా చెప్పాడు. ఆ తరవాత ఇదే కథని నోటికొచ్చినట్టు చెప్పేవాళ్ళని చాలామందిని చూశాను. తోమా మాస్టారు పోయినవాడి క్లారినెట్టు విరగ్గొట్టాడని ఒకడంటాడు. సమాధిలోంచి చెయ్యి లేచిందని ఇంకొకడంటాడు. ఏ క్లారినెట్టూ విరగలేదు. ఏ చెయ్యీ లేవలేదు. వెంకయ్య మొదటినుంచి చివరిదాకా అక్కడే ఉన్నాడు, చేతిలో కర్రలతో సహా. అందుకని వాడు చెప్పిందే చెబుతున్నాను, ఒక్క ముక్క తప్ప. ఆ ముక్క దగ్గరికి తరవాత వస్తాను. తోమాకీ నాకూ పడదని చీరాల నుంచి పొన్నూరు దాకా తెలుసు. పడనంత మాత్రాన లేనిది అల్లి చెప్పే రకం కాదు నేను.

తోమాది చీరాల బ్యాండు. మిరపకాయ మంచి రేటు పలికిన ఏడాది పర్చూరు, ఇంకొల్లు వైపు పెళ్ళిళ్ళకి అతను దొరకడం కష్టం. అందరిలాగే సినిమా పాటలు వాయిస్తాడు. కానీ ఊరేగింపు పెళ్ళివారి వీధిలోకి మలుపు తిరిగేటప్పుడు తను ఊదే పొట్టి ఇత్తడి బూర, కార్నెట్టు, పైకెత్తి ఒక సైగ చేస్తాడు. అప్పుడు మొదలవుతుంది వాళ్ళ పాట. ఆ పాట కోసమే జనం అతన్ని పిలిచేవాళ్ళు. ఇంకే బ్యాండు దగ్గరా అది లేదు.

ఆ పాటకి పేరు లేదు. తోమా గురువు యలమందయ్య మాస్టారు కుర్రతనంలో రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో నేల తుడిచేవాడు. శనివారం సాయంత్రాలు అక్కడ ఆంగ్లో ఇండియన్ గార్డులు, వాళ్ళ ఆడవాళ్ళు డాన్సులు చేసేవాళ్ళట. దేశం విడిచిపోతూ ఒక గార్డు తన గ్రామఫోనూ, ఒకే ఒక్క రికార్డూ ఆయనకి ఇచ్చిపోయాడు. నల్లటి, బరువైన రికార్డు. మధ్యలో అతికించిన కాగితాన్ని చెదలు తినేసింది. ఏ బ్యాండో, ఏ ఊరో, ఎవరు వాయించారో దేవుడికే తెలియాలి. ఆ రకం పాటని స్వింగ్ అంటారని, అంతమంది కలిసి వాయిస్తే బిగ్ బ్యాండ్ అంటారని, అంతవరకే యలమందయ్య మాస్టారికి తెలుసు. మిగతాది చెవితో పట్టుకుని, నోటితో పాడి నేర్పాడు. మా వాయిద్యగాళ్ళలో ఎవరికీ నొటేషన్ చదవడం రాదు.

మొదట సాక్సఫోన్లు. అందరూ ఒకే ఊపిరి మీద ఊగుతుంటారు, మగ్గాల వీధిలో మగ్గాలన్నీ ఒక్కసారే ఆడుతున్నట్టు. వాళ్ళ మాట పూర్తికాకుండానే ఇత్తడి వాయిద్యాలు అడ్డం తగులుతాయి, నువ్వేంటి చెప్పేది అన్నట్టు. కింద డ్రమ్ము తొందరపడదు, ఆలస్యం చెయ్యదు. ఆ తగువంతా ఒక్కసారి తగ్గి దారి ఇస్తుంది. అప్పుడు క్లారినెట్టు. ఒంటరిగా పైకి పోయి, ఆఖరి స్వరాన్ని కొంచెం వంచి, నవ్వినట్టుగా వదిలేస్తుంది. దాని వెనకే కార్నెట్టు అందుకుని అందర్నీ ఇంటికి తోలుకొస్తుంది. అంతే. ఒక చుట్ట కాల్చినంతసేపు కూడా ఉండదు. ఒకసారి విన్నవాడికి మాత్రం నడక మారిపోతుంది.

దాన్ని తోమా ఎంత దాచుకున్నాడంటే, ప్రాక్టీసు కోసం ఇంకొల్లు దారిలో మూతపడ్డ పొగాకు బ్యారన్ ఒకటి అద్దెకు తీసుకున్నాడు. ఒకప్పుడు ఆకు కాల్చిన గది అది. నిలువెత్తు ఇటుక గోడలు, కిటికీలు లేవు, పైన ఎక్కడో గాలి రంధ్రాలు. ఆకు కర్రలు వేలాడదీసిన వాసాలు వరసలు వరసలుగా పైకప్పు దాకా ఉంటాయి. తలుపు వేస్తే పట్టపగలే చీకటి. ఎన్నాళ్ళయినా ఆ మాడిన తియ్యటి వాసన పోలేదు. లోపల ఎంత ఊదినా బయట మిరప చేలో కలుపు తీసే ఆడవాళ్ళకి కూడా వినపడదు. తోమాకి కావలసింది అదే.

క్లారినెట్టు ప్రేమదాసుది. పగలంతా వేటపాలెంలో జీడిపప్పు యూనిట్‌లో గింజలు కాల్చేవాడు. ఆ పొగ పట్టి, ఊదబోయే ముందు ఊపిరి తీస్తే ఇసక మీద చీపురు లాగినట్టు గరగరమనేది. ఊదడం మొదలుపెట్టాక ఆ గరగర ఎక్కడికి పోయేదో. తోమా అంతవాడు కూడా ఆ చోటు వచ్చినప్పుడు కళ్ళు మూసుకునేవాడట.

ప్రేమదాసుకి ఒక పిచ్చి ఉంది. తను విన్నది పక్కవాడు వినాలి. తోమా టీకి వెళ్ళినప్పుడు ఆ రికార్డుని ఫోన్లో ఎక్కించుకున్నాడు. యూనిట్‌లో పప్పు వలిచే జోహరాబీ, "దాసూ, ఆ ఊగే పాట పెట్టయ్యా, నడుం నొప్పి మరిచిపోతా" అని అడిగి మరీ పెట్టించుకునేది. ఇట్లాంటి పాత పాటల కోసం వెతికేవాళ్ళ గుంపులు దేశదేశాల్లో ఉన్నాయట. పేరున్న బ్యాండ్లు కాదు, ఒకటీ అరా రికార్డులిచ్చి మాయమైపోయిన వాళ్ళని వినేవాళ్ళు. వాళ్ళు పంపినవి ఇతను వినేవాడు, ఇతనిది వాళ్ళు వినేవాళ్ళు. ఏ బ్యాండో చెప్పండి అని అడిగేవాడు. ఎవరూ చెప్పలేకపోయారు.

ఆదివారం ఆరాధన అయ్యాక రైలెక్కి పొన్నూరు కూడా వచ్చేవాడు, నా దగ్గరికి. నేను పొన్నూరు బ్యాండు మాస్టర్ని, నాదీ కార్నెట్టే. నేను పిలవలేదు. ఒక పెళ్ళిలో దూరం నుంచి విని బాగుందన్నాను, అంతే. వచ్చి కూర్చుని ముక్క ముక్క నేర్పాడు. నాకు ఊదే ముందు గొంతు సవరించుకునే అలవాటుంది. దానికి నవ్వేవాడు.

"అన్నా, నువ్వు గనక రికార్డు ఇస్తే అందులో ముందు నీ గొంతే ఎక్కుద్ది" అనేవాడు.

తోమా ఆ పాటని బాపట్ల దగ్గర ఒక పెళ్ళిలో విన్నాడు. ఊదింది మేము. మర్నాడు బ్యారన్‌లో అందరి ముందూ అడిగాడు.

"ఏరా దాసూ. పొన్నూరోళ్ళకి ఎవడిచ్చాడు?"

"నేనే ఇచ్చాను మాస్టారూ."

"ఎంతకి?"

"ఊరికే. బాగుందన్నాడు, నేర్పాను."

"బాగుందన్న ప్రతివాడికీ ఇచ్చేదేనా అది?"

ప్రేమదాసు క్లారినెట్టు ఒళ్ళో పెట్టుకున్నాడట. "పేరున్న బ్యాండ్లని లోకమంతా వింటది మాస్టారూ. ఈ రికార్డోళ్ళకి పేరు కూడా లేదు. మనం కూడా తలుపేసుకుని వింటే, ఈళ్ళు వాయించినట్టేముంది?"

"తలుపు తీసే ఉంది" అన్నాడు తోమా. "పో."

ప్రేమదాసు లేచి పోయాడు. ఎవరూ ఆపలేదు. వెంకయ్య కూడా ఆపలేదు. ఆ మాట చెప్పేటప్పుడు వాడు టీ గ్లాసు వైపే చూశాడు.

తరవాతి ఎండాకాలం ఊపిరితిత్తుల జబ్బుతో ప్రేమదాసు పోయాడు. మంచాన పడ్డాక క్లారినెట్టు గుండెల మీద పెట్టుకుని, ఊదకుండా, వేళ్ళు మాత్రం ఆడించేవాడని అతని కూతురు జెస్సీ చెప్పింది. ఆ పిల్ల స్కూల్లో పాఠాలు చెబుతుంది. తల్లి లేదు. తోమాని పెదనాన్నా అని పిలుస్తూ పెరిగింది. చావు కబురు కూడా తనే తెచ్చింది.

"పెదనాన్నా, మీకూ నాన్నకీ ఏం జరిగిందో నాకొద్దు. ఆ పాట వాయించి పంపండి. చాలు."

"వాయిస్తాలేమ్మా" అన్నాడు తోమా.

ఇక్కడ ఒక ఆచారం చెప్పాలి. యలమందయ్య మాస్టారు పెట్టింది, ఇప్పటికీ ఆయన శిష్యుల బ్యాండ్లలో ఉంది. వాయిద్యగాడు పోతే, మట్టి చేసే దగ్గర అతనికిష్టమైన పాట వాయిస్తారు. అతని వంతు రాగానే అందరూ వాయిద్యాలు నడుం దగ్గరికి దించేస్తారు. డ్రమ్ము అంచు మీద కర్రతో తాళం మాత్రం వేస్తారు, చప్పుడయ్యీ కానట్టు. అతని వంతు అయిపోయేదాకా ఎవరూ ఊదరు. దాన్నే చోటు వదలడం అంటారు. ఆ చోటులో పోయినవాడు తన వంతు వాయించుకుని పోతాడని మాస్టారి మాట. హిందువైనా, క్రైస్తవుడైనా, తురకాయనైనా ఇదే. "ఆ చోటులో ఎవడన్నా ఊదాడో, పోయినవాడు ఊరుకున్నా చోటు ఊరుకోదురా. ఇంకొకణ్ణి అడుగుతుంది" అనేవాడు. అందరి చావులకీ ఈ చోటు దగ్గరుండి వదిలించింది తోమాయే. ఒకసారి ఎవడో కుర్రాడు పొరపాటున బూర దించకపోతే చెంప పగలగొట్టాడు.

భూస్థాపన రోజు నిప్పుల ఎండ. సమాధుల తోటలో పాస్టరు గారి ప్రార్థన అయింది. పెట్టె దించారు. తోమా సైగ చేశాడు. పాట మొదలైంది. సాక్సఫోను రంజాన్ ఊదుతున్నాడు, కళ్ళ నీళ్ళు కారుతూనే ఉన్నాయి. పాట తగ్గి దారి ఇచ్చింది. అందరూ వాయిద్యాలు దించారు. వెంకయ్య అంచు మీద కర్ర ఆనించాడు.

తోమా దించలేదు.

నాలుక పళ్ళకి తగిలించి టిక్కుమనిపించాడు. ఊదే ముందు అది అతని అలవాటు. ప్రేమదాసు వంతు మొత్తం కార్నెట్టు మీద వాయించాడు, ఒక్క స్వరం జారకుండా. చివర ఆ వంపు కూడా తిప్పాడు.

జనానికి ఏమీ తెలియలేదు. బాగుందనుకున్నారు. బ్యాండువాళ్ళు మాత్రం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేదు. వెంకయ్య కర్ర తాళం తప్పింది. తోమాకి ఇంటికి పోయేదాకా ఏమీ అనిపించలేదట. అన్నం ముందు కూర్చున్నాక చెయ్యి కడిగేసుకుని లేచిపోయాడు. చేసింది ఎందుకు చేశాడో తనకి తెలుసు. ప్రేమదాసు లేకపోయినా ఖాళీ కూడా కనపడదని చూపించాలనుకున్నాడు. చూపించాల్సినవాడు పెట్టెలో ఉన్నాడు.

కార్తీకంలో మార్టూరు పెళ్ళి ఒకటి ఒప్పుకున్నారు. క్లారినెట్టుకి బెన్నీ అనే కొత్తవాడు వచ్చాడు, చర్చి కీబోర్డు మానేసి ఇటు వచ్చినవాడు, చెయ్యి మంచిది. పాట నేర్పడానికి అందరూ బ్యారన్‌కి చేరారు.

అప్పుడే వాయుగుండం పట్టింది. భోజనాల వేళ దాటిందో లేదో, దీపాలు పెట్టే వేళలా ముసురుకుంది. దారి పొడుగునా పగిలిన పత్తి తడిసి, మురికిగా వేలాడుతోంది. బ్యారన్‌లో కరెంటు లేదు. మూల కొవ్వొత్తి వెలిగించారు. జల్లు లోపలికి కొడుతోందని తలుపు వేసేశారు. పొగాకు వాసన తడికి మళ్ళీ లేచింది. ఆ వాసనలో ఇంకోటి కలిసి ఉంది. కాలిన జీడిగింజల వాసన. రంజాన్ ముక్కు ఎగబీల్చి చుట్టూ చూశాడు.

తోమా గ్రామఫోను తిప్పి రికార్డు పెట్టాడు. "జాగ్రత్తగా విను బెన్నీ. నీ వంతు వచ్చినప్పుడు చెయ్యి ఎత్తుతా."

గరగరల్లోంచి సాక్సఫోన్లు వచ్చాయి. ఊగాయి. ఇత్తడి వాయిద్యాలు అడ్డం తగిలాయి. తోమా తల ఆడించాడు. పాట తగ్గి దారి ఇచ్చింది. తోమా చెయ్యి ఎత్తాడు.

క్లారినెట్టు రాలేదు.

డ్రమ్ము మాత్రం అంచు మీద... టిక్... టిక్... దాని మీద ఒక ఊపిరి. ఇసక మీద చీపురు లాగినట్టు. లోపలికి తీసుకుని... ఆగింది. అంతే. ఎవరో ఊపిరి బిగబట్టుకుని కాచుకుని ఉన్నట్టు. ఆ వంతు అంతసేపూ అలాగే ఉండి, కార్నెట్టు అందుకుని పాట ముగించింది.

"ముల్లు అరిగిందేమో మాస్టర్" అన్నాడు రంజాన్.

ముల్లు మార్చారు. మళ్ళీ పెట్టారు. మళ్ళీ అంతే. ఈసారి ఊపిరి ఇంకా దగ్గరగా ఉంది.

"సార్, క్లారినెట్టు ఉందన్నారు కదా" అన్నాడు బెన్నీ. "ఇక్కడ ఖాళీయేగా."

తోమా ఆ వంతు నోటితో పాడి, "ఊదు" అన్నాడు. బెన్నీ క్లారినెట్టు పెట్టుకుని ఊదాడు. చెంపలు పొంగాయి. మెడ నరాలు లేచాయి. చప్పుడు లేదు. మూతి దగ్గరుండే సన్నటి రెల్లు పలక, రీడు, మార్చాడు. ఇంకో పాట ఊదితే గంటలా పలికింది. ఈ వంతు దగ్గరికి వచ్చేసరికి... గాలి. ఉత్త గాలి.

తోమా మూడోసారి రికార్డు పెట్టాడు.

పాట తగ్గింది. దారి ఇచ్చింది. అందరూ గ్రామఫోను బూర వైపు చెవులు పెట్టారు.

ఊపిరి బూరలోంచి రాలేదు.

పైనుంచి వచ్చింది. వాసాల మీద నుంచి... పైకప్పు కింద చీకట్లోంచి. గరగరమని... నిదానంగా... లోపలికి తీసుకుంటూనే ఉంది. కొవ్వొత్తి మంట పైకి సాగింది. సాగి, సన్నబడి, ఆరిపోయింది.

తలుపు ఎవరు తీశారో తెలియదు. అందరూ వానలో, తడిసిన పత్తి చేలో నిలబడి ఉన్నారు. చివరగా వచ్చింది తోమా. రికార్డు చొక్కా కింద పెట్టుకుని వచ్చాడు.

"మాస్టారూ" అన్నాడు వెంకయ్య. "ఆడి చోటు ఆడికి ఇవ్వలేదు మనం."

"మనం కాదు" అన్నాడు తోమా. "నేను."

వాన తగ్గాక తోమా ఒక్కడే జెస్సీ ఇంటికి వెళ్ళాడు, అక్కడి సంగతి తనే తరవాత వెంకయ్యకి చెప్పుకున్నాడు. ప్రేమదాసు ఫోనులో పాట ఉందని తెలుసు. ఏ పాటనైతే బయటివాళ్ళకి ఇచ్చినందుకు మనిషిని పొమ్మన్నాడో, ఆ పాట ఆ ఫోనులోనైనా మిగిలిందేమో చూసుకోడానికి వెళ్ళాడు. గడప దగ్గర చాలాసేపు నిలబడ్డాడు.

"రండి పెదనాన్నా, అక్కడే నిలబడ్డారేం? తడిసిపోయారు కూడా." తువ్వాలు ఇచ్చింది. టీ పెట్టింది. ఫోను తెచ్చి ఇచ్చింది. గోడకి ప్రేమదాసు ఫొటో ఉంది, పెళ్ళి యూనిఫారంలో, భుజాల మీద జరీ కుచ్చులతో. తోమా ఆ గోడకి వీపు పెట్టి కూర్చున్నాడు.

పాట పెట్టాడు. సాక్సఫోన్లు. ఇత్తడి. తగ్గింది.

టిక్... టిక్... ఊపిరి.

"ఈ మధ్య ఇలాగే వస్తోంది" అంది జెస్సీ. "నాన్న ఎవరెవరికో పంపాడు కదా, వాళ్ళందరూ మెసేజీలు పెడుతున్నారు. క్లారినెట్టు ఏమైంది, ముందు ఉండేది కదా అని. పాతబడి పోయిందేమో అనుకున్నాను."

తోమా టీ కప్పు కింద పెట్టాడు.

"అయినా ఆ రోజు మీరు వాయించారుగా పెదనాన్నా. నాన్న వంతు. ఎంత బాగా వాయించారో. అది చాలు నాకు. కోపం ఉంటే అట్లా వాయించరు కదా."

తోమా నోరు తెరిచాడు. మాట ఉంది. నాలుక మీదే ఉంది. ఆ పిల్ల మొహం చూసి మింగేశాడు.

"ఇంకోసారి వాయిస్తామమ్మా. రేపు. నువ్వూ రా."

మర్నాడు పొద్దు వాలే వేళకి అందరూ సమాధుల తోటకి చేరారు. మబ్బు ఇంకా విడవలేదు. గాలి పడిపోయింది. మట్టి కుంగిన చోట నీళ్ళు నిలిచాయి. దూరాన రైలు పట్టాల మీద గూడ్సు ఒకటి పోయింది. అది పోయాక కప్పలు కూడా అరవలేదు. జెస్సీ చెప్పులు విడిచి సమాధి తలవైపు నిలబడింది. తోమా కార్నెట్టు ఎత్తబోయి ఆగాడు.

"అమ్మా. ఇప్పుడు మధ్యలో ఒకచోట మేమందరం ఆపేస్తాం. అది మీ నాన్న చోటు."

"ఆ రోజు ఆపలేదే?"

వెంకయ్య నేల చూశాడు. రంజాన్ సాక్సఫోను మీటలు తుడుచుకున్నాడు, తడి లేకపోయినా.

"ఆ రోజు మీ నాన్న చోటులో నేను ఊదాను. ఊదకూడదు. తెలిసే ఊదాను."

"ఎందుకు పెదనాన్నా?"

"వాడు లేకపోయినా నాకు జరుగుద్దని చూపిద్దామని."

"ఎవరికి?"

తోమా సమాధి వైపు తల తిప్పాడు. జెస్సీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ పిల్ల తిట్టి ఉంటే బాగుండేదని తోమా తరవాత వెంకయ్యతో అన్నాడట.

పాట మొదలైంది. ఎప్పుడూ అంత మెత్తగా వాయించలేదంటాడు వెంకయ్య. పాట తగ్గింది. దారి ఇచ్చింది. అందరూ దించారు. అందరికంటే ముందు తోమా దించాడు. కార్నెట్టు మూతికుండే మౌత్‌పీసు ఊడదీసి జేబులో వేసుకున్నాడు, తన మీద తనకి నమ్మకం లేక.

టిక్... టిక్...

ఊపిరి వచ్చింది. గరగరమని. ఏ వైపు నుంచో చెప్పలేరు. ఆ వెనకే... క్లారినెట్టు.

సన్నగా మొదలైంది. పైకి పోయింది. ఒంటరిగా. అదే గొంతు. జెస్సీ ఏడుస్తోంది. బెన్నీ చేతిలో ఉన్న క్లారినెట్టు నేల వైపు వేలాడుతోంది, అతని వేళ్ళు దాని మీద లేవు. ఆఖరి స్వరం వంగింది. నవ్వినట్టుగా వంగి, పోయింది.

తోమా బుగ్గల మీద నీళ్ళు. గబగబా మౌత్‌పీసు తగిలించాడు. తన వంతు. అందర్నీ ఇంటికి తోలుకురావాలి. నాలుక టిక్కుమనిపించి ఊదాడు.

పలకలేదు.

మళ్ళీ ఊదాడు. గాలి.

అప్పుడు రంజాన్ సాక్సఫోను నడుం దగ్గరికి దిగింది. "నేను దించలేదు మాస్టర్" అన్నాడు, గుసగుసగా. ఆ పక్కవాడిదీ దిగింది. ఆ పక్కవాడిదీ. ఒకరి తరవాత ఒకరు, వరసంతా. వెంకయ్య చేతిలో కర్ర దానంతటదే అంచు మీదికి జరిగి తాళం వేస్తోంది, చప్పుడయ్యీ కానట్టు. చెయ్యి వెనక్కి లాక్కోబోతే రాలేదంటాడు.

కార్నెట్టు వంతు అంతసేపూ అలాగే నిలబడ్డారు. తోమా మాత్రం ఊదుతూనే ఉన్నాడు, చప్పుడు లేకుండా.

"పెదనాన్నా" అంది జెస్సీ. "ఇప్పుడు ఎవరికి వదిలారు చోటు?"

తోమా అప్పుడు కార్నెట్టు దించాడు.

ఆ రాత్రే రికార్డు పెట్టి చూశారు. క్లారినెట్టు తిరిగి వచ్చింది, ఎప్పటికంటే బాగా. దాని వెనక కార్నెట్టు లేదు. టిక్ టిక్‌మని అంచు మీద తాళం, ఒక ఊపిరి, ఖాళీ. చోటు అడుగుతున్నది తోమానే, అతని పని అయిపోయిందనుకున్నారు అందరూ. తనూ అలాగే అనుకున్నాడు. కార్నెట్టు రంజాన్‌కి ఇచ్చేశాడు. రికార్డు జెస్సీ చేతిలో పెట్టి, ఎవరడిగితే వాళ్ళకి వినిపించమన్నాడు. పాస్టరు గారిని పిలిపించి ప్రార్థన చేయించుకున్నాడు. తెల్లబట్టలు ఉతికించుకుని ఎదురుచూశాడు. ఏమీ కాలేదు. మొన్న కూడా చీరాల బజార్లో చేపలు బేరమాడుతూ కనిపించాడు. నన్ను చూసి మొహం తిప్పుకోలేదు. అదే నాకు నచ్చలేదు. జాలిగా చూశాడు.

ఇక వెంకయ్య చెప్పిన ఆ ఒక్క ముక్క. వాడు రికార్డు చాలాసార్లు విన్నాడట. కార్నెట్టు చోటులో ఉన్న ఊపిరి తోమాది కాదంటాడు. తోమా అయితే నాలుక టిక్కుమనిపిస్తాడు. ఇందులో ముందు ఎవరో గొంతు సవరించుకుంటున్నారంటాడు. చెప్పి, టీ తాగకుండానే లేచి పోయాడు.

నేను ప్రేమదాసు మట్టికి వెళ్ళలేదు. తోమా పిలవలేదు, పిలవని చోటికి నేను వెళ్ళను. అందులో తప్పేముంది? నేనైతే ఎవరి చోటులోనూ ఊదలేదు. ఈ మధ్య మా పెళ్ళిళ్ళలో ఆ పాట ఆపేశాను, అది నా పెదవి మీద పుండు వల్ల.

ఆ రికార్డు లోకంలో ఇంకొకటి ఎక్కడో ఉండే ఉంటుంది. ఒక్కటే చేసి ఊరుకోరు కదా. ఏ పాత సామాన్ల కొట్టులోనో, ఏ గార్డు మనవల ఇంట్లోనో. పేరు ఉండదు. మొదట సాక్సఫోన్లు ఊగుతాయి, తరవాత క్లారినెట్టు, ఆఖరి స్వరం వంగుతుంది. దాని వెనక ఏముందో కాస్త చెవి పెట్టి వినండి. కార్నెట్టు ఉంటే ఆ మాట వెంకయ్యకి చెప్పండి. వేటపాలెం రైలు గేటు దగ్గరే ఉంటాడు. అది నా గొంతు కాదని ఎవరన్నా వాడికి చెప్పాలి. నేను చెబితే నమ్మడం లేదు.